‘పర్లేదండీ’ అనే ముందు

మోకాళ్ల నొప్పితో మెట్ల మధ్యలో ఆగిపోయిన పెద్దాయన చేతిలోంచి కూరల సంచీ అందుకోబోతే ఆయన నోటి వెంట వచ్చే మొదటి మాట ‘పర్లేదండీ’. ఆపరేషనై ఇంటికొచ్చిన ఆవిడతో ‘రేపు వంట నేను పంపిస్తా’ అని పక్కింటావిడ అంటే జవాబు ‘అయ్యో, మీకెందుకండీ శ్రమ’. ఉద్యోగం పోయిన కుర్రాణ్ణి స్నేహితుడు ‘ఎలా ఉన్నావురా’ అని అడిగితే ‘సూపర్’. ఇవన్నీ మన దగ్గర మర్యాద కిందే చెల్లుబాటవుతాయి. కానీ చూడండి, ఈ ముగ్గురికీ సాయం కావాలి. ముగ్గురి ఎదుటా చేసే మనిషి ఉన్నాడు. అయినా పని జరగలేదు.

దయ గురించి వచ్చే పుస్తకాల్లో చాలావాటిలో బోధ అంతా ఇచ్చేవాళ్లకే. చెయ్యి చాచాల్సి వచ్చినవాడు ఏం చెయ్యాలో పెద్దగా ఎవరూ చెప్పరు. అందుకే ఈ అధ్యాయంలో ముందు పుచ్చుకోవడం గురించి మాట్లాడుకుని, తర్వాత ఇవ్వడం దగ్గరికి వద్దాం. సాయం పుచ్చుకోవడం తెలియనివాళ్లకు ఇవ్వడం కూడా సగమే వస్తుందని నా నమ్మకం. ఇంకొకరి ముందు నిలబడి అడిగేటప్పుడు గొంతు ఎక్కడ అడ్డం పడుతుందో వాళ్లకు తెలియదు మరి.

ఎందుకు వద్దంటాం?

బ్రిటన్‌కు చెందిన మానసిక శాస్త్రవేత్త పాల్ గిల్బర్ట్ తన సహచరులతో కలిసి 2011లో ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. దయ అంటే మనుషులకుండే భయాలను కొలవడం దాని పని. దయంటే భయమేమిటి అనిపిస్తుంది కానీ, ఆయన వాటిని మూడు రకాలుగా విడదీశాడు. మొదటిది, ఇతరుల మీద దయ చూపిస్తే నెత్తికెక్కుతారన్న భయం. రెండోది, ఇతరుల దయను నమ్ముకుంటే సరిగ్గా అవసరమైన రోజున వాళ్లు మొహం చాటేస్తారేమోనన్న భయం. మూడోది, తన మీద తానే కాస్త దయగా ఉంటే మెత్తబడిపోతానేమో, చేతకానివాణ్ణవుతానేమోనన్న భయం. తమను తాము ఎక్కువగా నిందించుకునేవాళ్లలో రెండో భయం, మూడో భయం జంటగా కనిపించాయి. దిగులుతో బాధపడేవాళ్లలోనూ అంతే. అంటే సాయం ఎవరికి బాగా అవసరమో వాళ్లకే అది మింగుడుపడదన్నమాట.

మన ఇళ్లలో దీనికి ఇంకొకటి తోడవుతుంది, అది లెక్క. పెళ్లి మండపంలో ఓ పక్కన చదివింపుల బల్ల ఉంటుంది. కవరు అందుకున్నవాడు ఊరు, ఇంటిపేరు, పేరు, మొత్తం వరుసగా పుస్తకంలో రాసుకుంటాడు. పెళ్లయ్యాక ఆ పుస్తకం బీరువాలోకి వెళ్తుంది. ఎప్పుడో ఏళ్ల తర్వాత అవతలివాళ్లింట్లో శుభలేఖ పడితే బయటికి తీసి, వాళ్లు మనకెంత చదివించారో చూసి, దాని మీద ఇంకాస్త కలిపి కవర్లో పెడతాం. ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. బ్యాంకు అప్పు పుట్టని రోజుల్లో ఎన్నో పెళ్లిళ్లు దీని మీదే గట్టెక్కాయి. చిక్కెక్కడంటే, ఆ పుస్తకాన్ని జ్వరానికీ చావుకీ కన్నీళ్లకీ కూడా తెరుస్తాం. వాళ్లు నాలుగు రోజులు క్యారేజీ పంపారు, మనమెప్పుడు తీరుస్తాం? తీర్చే ఓపిక లేనివాళ్లు ముందే వద్దనేస్తారు. ఓపిక ఉన్నవాళ్లు, ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని అందులో ఏదో ఒకటి వేసి పంపుతారు. ఆ అలవాటు మామూలు రోజుల్లో నాకూ ముచ్చటే. కానీ కుట్లు ఆరని మనిషి డబ్బా నింపడం కోసం స్టవ్ ముందు నిలబడితే, అవతలి నుంచి వచ్చిన పప్పూ కూరా ఎందుకు వచ్చినట్టు?

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పుచ్చుకోవడానికి జంకేవాళ్ల జంకు ఉత్తినే పుట్టలేదు. ‘నీ చదువుకి ఫీజు కట్టింది ఎవరనుకున్నావ్’ అనే మాట విందులో నలుగురి మధ్య విన్నవాడు, ఆ తర్వాత జన్మలో ఎవరి దగ్గరా రూపాయి తీసుకోడు. దెప్పిపొడుపు విన్నవాడి ఒంట్లో ‘పర్లేదండీ’ ఒక కవచంలా స్థిరపడిపోతుంది. అలాంటి మనిషిని ‘అహంకారం’ అనడం తేలిక. ఒకప్పుడు అతనికి ఎవరో లెక్క చూపించారని గుర్తుంచుకోవడం మేలు.

సరే అనడం ఎలా?

చిన్నవాటితో మొదలుపెట్టండి. బస్సులో ఎవరైనా సీటిస్తే కూర్చోండి. ఆఫీసులో పక్క సీటాయన టీ తెప్పిస్తే తాగండి, మరుసటి గంటలోనే బదులుకి సమోసా తెప్పించకండి. ఎవరైనా మీ పనిని మెచ్చుకుంటే ‘అబ్బే, నాదేముంది’ అని దాన్ని నేల మీద పారెయ్యకుండా ‘సంతోషమండీ’ అని ఊరుకోండి. చూడటానికి ఇవి పిల్లల ఆటల్లా ఉంటాయి. చేసి చూస్తే తెలుస్తుంది ఎంత కష్టమో. తీసుకున్నాక కలిగే ఆ ఇబ్బంది ఒక పూటకి మించి ఉండదు, దాన్ని అలాగే ఉండనివ్వండి. బదులు తీర్చే తొందరలో మనం పోగొట్టుకునేది ఆ మనిషితో చనువుని.

తీసుకునేటప్పుడు సంజాయిషీ అక్కర్లేదు. ‘మామూలుగా అయితే నేనెవరినీ ఇబ్బంది పెట్టను, ఈసారి ఏదో...’ అని మొదలుపెడితే, సాయం చెయ్యడానికొచ్చిన మనిషి మిమ్మల్ని ఓదార్చే పని కూడా నెత్తికెత్తుకోవాల్సి వస్తుంది.

అలాగని ఏది ఇస్తే అది పుచ్చుకోమని కాదు. మీకు వద్దనిపించింది వద్దనండి, దాంతోపాటు కావలసింది చెప్పండి. ‘భోజనం వద్దులే వదినా, మాకు ఉప్పు లేకుండా వండాలి. సాయంత్రం బాబుని ట్యూషన్ నుంచి తీసుకొచ్చి పెడితే చాలా మేలు’ అనొచ్చు. ఇలా అనగలిగితే మీరు సాయం తీసుకున్నట్టే కాదు, చేసేవాళ్ల శ్రమ వృథా పోకుండా చూసినట్టు కూడా.

అడగందే అమ్మైనా పెట్టదని మనవాళ్లు అంటూనే ఉంటారు, అడగడానికి మాత్రం నోరు రాదు. కాదంటారేమోనని భయం. ఈ భయం నిజానికి ఎంత దూరమో ఫ్రాంక్ ఫ్లిన్, వెనెసా లేక్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కొలిచి 2008లో ప్రచురించారు. వాళ్లు విద్యార్థులను ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గరికి పంపి, ఒక ప్రశ్నావళి నింపిపెట్టమని అడిగించారు. ఐదుగురు ఒప్పుకోవాలంటే ఎంతమందిని అడగాల్సి వస్తుందో ముందే ఊహించి చెప్పమన్నారు. విద్యార్థులు చెప్పిన సగటు ఇరవై. తీరా వెళ్లి అడిగితే పదిమందితోనే పని అయిపోయింది. మనుషుల మంచితనాన్ని మనం సగానికి సగం తక్కువ అంచనా వేస్తామని దాని సారాంశం. అడిగేవాడు ఆలోచించేది తనకయ్యే నామోషీ గురించి. అడిగించుకున్నవాడికి ఎదురుగా ఉన్న మనిషికి లేదని చెప్పడమే కష్టం.

అయితే అడగడానికీ ఓ పద్ధతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘అర్జెంట్, ఎవరైనా హాస్పిటల్‌కి రాగలరా’ అని పెడితే నూట ఇరవై మంది చూస్తారు, చేతులు జోడించిన బొమ్మలు నాలుగొస్తాయి. వాళ్లు రాతిగుండెలవాళ్లని కాదు, ఎవరో ఒకరు వెళ్తారులే అని ప్రతివాళ్లూ అనుకుంటారు. జాన్ డార్లీ, బిబ్ లటానే 1968లో అమెరికాలో చేసిన ప్రయోగంలో తేలిందీ ఇదే. పక్క గదిలో ఎవరో ఫిట్స్ వచ్చి కొట్టుకుంటున్నట్టు వినిపించినప్పుడు, వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది రోగి మాట ఆగేలోపే సాయానికి కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో అలా కదిలింది 31 శాతమే. కాబట్టి గ్రూపులో పెట్టకండి. ఒకరికి ఫోన్ చెయ్యండి, ఒక పని చెప్పండి, వేళ చెప్పండి. ‘బాబాయ్, రేపు పొద్దున తొమ్మిదికి స్కానింగ్ ఉంది, ఓ రెండు గంటలు అమ్మ దగ్గర కూర్చోగలరా? కుదరకపోతే చెప్పెయ్యండి, ఇంకెవర్నైనా అడుగుతాను’. ఈ చివరి వాక్యాన్ని వదలకండి. కాదనడానికి దారి ఉన్నచోట అవునన్న మాటకి విలువ ఉంటుంది.

ఇచ్చేటప్పుడు

ఎండాకాలం మన ఊళ్లలో కూడలి దగ్గర తాటాకు పందిరి కింద చలివేంద్రం పెడతారు. తడిగుడ్డ చుట్టిన కుండలు, పొడుగు కాడ గరిటె, ఒకచోట మజ్జిగ. దాహంతో వచ్చినవాడు తాగి మూతి తుడుచుకుని వెళ్లిపోతాడు. పేరడగరు, ఊరడగరు, కృతజ్ఞతలు ఆశించరు. రోజువారీ దయకి ఇంతకన్నా మంచి నమూనా నేనెరగను. ఇప్పుడు చాలాచోట్ల కుండకన్నా ఫ్లెక్సీ పెద్దదిగా ఉంటోంది, ఆ గొడవ ఇక్కడ వద్దు.

ఈ ఆలోచన మనకి పాతదే. శాతవాహన రాజుకి హితవుగా ఆచార్య నాగార్జునుడు రాశాడని బౌద్ధ సంప్రదాయం చెప్పే ‘రత్నావళి’లో దయ అంటే ఏమిటన్న నిర్వచనంతో సరిపెట్టలేదు, ఏమేం సరుకులు పెట్టాలో కూడా ఉంది. నీళ్లు లేని దారుల్లో పందిళ్లు పెట్టించమంటాడు. దారిన పోయేవాళ్లు ఆగే నీటి తావుల దగ్గర చెప్పులు, గొడుగులు, నీళ్లు వడగట్టుకునే సాధనాలు, విసనకర్రలు, సూదులు, దారం, ముళ్లు తీసే పట్టకార్లు ఉంచమంటాడు. ఖైదీలకి మంగళ్లు, స్నానం, మందులు, బట్టలు ఉండాలంటాడు. చీమల పుట్టల దగ్గర నూకలు వేయించమనడం కూడా మరిచిపోలేదు. ముల్లు తీసే పట్టకారు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కాలినడకన పోయే మనిషి పాదాన్ని కళ్లతో చూసినవాడికి తప్ప తట్టే ఆలోచన కాదది. దయ అనే మాట మనసులో ఎంత పెద్దగా ఉన్నా, ఎదుటివాడి అరికాలి దాకా దిగకపోతే ఎవరికీ అక్కరకు రాదు.

కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) చేసిందీ అలాంటిదే. గోదావరి పాయలు దాటుకుని వచ్చే బాటసారులు వేళకి ఊరు చేరలేరు. పడవ ఎప్పుడొస్తే అప్పుడే ఆకలి. ఆవిడ ఇంట్లో పొయ్యి ఆ ఆకలి వేళకే వెలిగేది, కులమేమిటని అడిగింది లేదు. అంతర్వేది తీర్థానికి బయలుదేరిన ఆవిడ, దారిలో ఆకలితో ఏడుస్తున్న పిల్లలకి ‘కాస్త ఓర్చుకోండి, సీతమ్మగారింటికి పోతే అన్నం పెడతారు’ అని పెద్దవాళ్లు సర్దిచెప్పడం విని, వాళ్లకన్నా ముందు ఇల్లు చేరాలని వెనక్కి తిరిగిందని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడి అక్విడెక్టుకి ఆవిడ పేరుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే పెట్టింది.

మనకి అన్ని పొయ్యిలు వెలిగించే శక్తి ఉండదు, అవసరమూ లేదు. ఎదుటివాడి వేళ, ఎదుటివాడి ముల్లు ఏదో చూస్తే చాలు. ఇప్పుడు రెండు చోట్లను కాస్త వివరంగా చూద్దాం. మన పలకరింపులు ఎక్కువగా గాడి తప్పేది అక్కడే.

మొదటిది ఆసుపత్రి. రోగికి మంచం ఉంటుంది, తోడున్నవాడికి ఉండదు. పెద్దాసుపత్రి వరండాలో కూతురో కొడుకో పేపరు పరుచుకుని పడుకుంటారు. మనం యాపిల్స్ పట్టుకెళ్లి రోగికిచ్చి వస్తాం, రోగి వాటిని తినే స్థితిలో ఉండడు. తోడున్నవాళ్లకి కావలసినవి వేరే ఉంటాయి. ఓ చాప, దుప్పటి, పొడుగు వైరున్న ఫోన్ ఛార్జరు, ఫ్లాస్కు, పది ఇరవై రూపాయల చిల్లర నోట్లు, ఉతికిన బట్టల జత. అన్నిటికన్నా ముఖ్యంగా ‘నువ్వు ఇంటికెళ్లి స్నానం చేసి రెండు గంటలు పడుకుని రా, నేనిక్కడుంటా’ అనే మనిషి. ‘ఏదన్నా కావాలంటే చెప్పు’ అని వచ్చేస్తే, ఏం కావాలో ఆలోచించే పని, ఫోన్ చేసే పని, మొహమాటాన్ని దాటే పని మూడూ వాళ్ల మీదే పడతాయి. చెప్పరు. మనకేమో చెప్పి వచ్చామన్న తృప్తి. దానికి బదులు ‘రేపు మధ్యాహ్నం ఒంటిగంటకి పెరుగన్నం తెస్తున్నాను, ఇద్దరికి’ అనండి.

రెండోది చావు ఇల్లు. పరామర్శకి వెళ్లిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే, ‘ఎలా జరిగింది?’ భర్త పోయిన ఆవిడ ఆ రాత్రి నొప్పి ఎప్పుడొచ్చింది, ఆటో ఎంతసేపటికి దొరికింది, డాక్టరు ఏమన్నాడు, అంతా మళ్లీ మొదటినుంచీ చెప్తుంది. ఇంకొకరు వస్తారు, మళ్లీ చెప్తుంది. ఆ ప్రశ్న మానెయ్యండి. ఆవిడే చెప్పాలనుకుంటే ఎంతసేపైనా వినండి. ‘ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్తే బతికేవాడు’ అనే మాట ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. వచ్చిన జనానికి నీళ్లందించడం, పిల్లలకి వేళకింత పెట్టడం, పెద్దావిడ బీపీ మాత్ర వేసుకుందో లేదో చూడటం ఎవరూ గమనించని పనులు. పదకొండో రోజు దాటాక ఇల్లు ఖాళీ అవుతుంది. అసలైన అవసరం అప్పుడు మొదలవుతుంది. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. సర్టిఫికెట్ కాపీలు కావాలి. బ్యాంకు, బీమా, పింఛను, గ్యాసు కనెక్షను, అన్నిటికీ ఆ కాగితమే మొదలు. కౌంటర్ల దగ్గర నిలబడటం అలవాటున్న మనిషి ఒకరు ‘ఫైలు నాకివ్వండి అక్కయ్యా, సోమవారం మున్సిపల్ ఆఫీసుకి నేనెళ్తాను’ అంటే, అది పదిమంది ఓదార్పుకి సమానం.

తొందర సంగతి ఒకటుంది. పైన చెప్పిన డార్లీయే డేనియల్ బాట్సన్‌తో కలిసి ప్రిన్స్‌టన్‌లో మత విద్యార్థుల మీద ఇంకో ప్రయోగం చేశాడు, 1973లో అచ్చయింది. విద్యార్థులు ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లి ప్రసంగం చెయ్యాలి. కొందరికైతే ప్రసంగ విషయం బైబిల్లోని మంచి సమరయుడి కథే, దారిన పడి ఉన్నవాణ్ణి ఆదుకున్నవాడి కథ. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉంటాడు. టైముందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది ఆగారు. ఆలస్యమైపోయింది, పరిగెత్తమని చెప్పి పంపినవాళ్లలో ఆగింది 10 శాతం. ఏ విషయం మీద మాట్లాడబోతున్నారన్నది పెద్దగా తేడా తేలేదు. మనం మంచివాళ్లమా కాదా అన్న ప్రశ్నకన్నా, ఇంట్లోంచి పదినిమిషాలు ముందు బయలుదేరామా లేదా అన్నది ఎక్కువ ఫలితమిస్తుందని దీన్నుంచి నేను తీసుకున్న పాఠం. దయగా ఉండాలని తీర్మానం చేసుకునేవాళ్లు ముందు అలారం మార్చుకోవాలి.

రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఆగకపోవడానికి తొందర ఒక్కటే కారణం కాదు, పోలీసు కేసు భయం కూడా. ఆ భయానికి ఇప్పుడు పునాది లేదు. ఇలా ఆదుకునేవాళ్లకు రక్షణగా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016లో చట్టబలం కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో 134ఎ సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో, ఏ ప్రతిఫలం ఆశించకుండా గాయపడినవాళ్లకి అత్యవసర సాయం చేసిన మనిషి మీద, ఆ సాయంలో పొరపాటు దొర్లి నష్టం జరిగినా, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ నిలవదు. పేరూ చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు. 108కి ఫోన్ చెయ్యండి, వచ్చేదాకా పక్కన నిలబడండి.

అపాత్రదానం అనే మాట ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైన అనుభవాలు అందరి దగ్గరా ఉంటాయి. నా సలహా ఇది. డబ్బు విషయంలో, తిరిగి రాకపోయినా నిద్ర పడుతుందనుకున్నంతే ఇవ్వండి, ఇచ్చింది చేబదులు అనకుండా ఇచ్చేశాననే అనుకోండి. అంతకుమించి అడిగితే ‘నా వల్ల కాదు, ఇంతవరకు చెయ్యగలను’ అని మొహం మీదే చెప్పండి. మొహమాటానికి ఒప్పుకుని ఆ తర్వాత వెనకాల తిట్టుకోవడం దయ కాదు. ఎదుటివాడు మోసగాడని తేలినా మీరు పోగొట్టుకునేది ముందే అనుకున్న మొత్తాన్నే, మనుషుల మీద నమ్మకాన్ని కాదు.

ఇంకొక మాట కటువుగా చెప్పాలి. ఇంట్లో పనిచేసే ఆమెకు పండక్కి పాత చీరిచ్చి, రాత్రి మిగిలిన అన్నం కట్టిచ్చి ‘మాది జాలిగుండె’ అనుకునే ఇళ్లలో ఆమె టీ తాగే గ్లాసు విడిగా కిటికీలో బోర్లించి ఉంటుంది. నెలలో రెండు రోజులు రాకపోతే జీతం కోస్తారు. ఒకటో తారీఖున జీతం, వారానికో రోజు సెలవు, అందరూ తాగే గ్లాసు ఆమెకి రావాల్సినవి. అవి ఇచ్చాక దయ గురించి మాట్లాడొచ్చు. డెలివరీ కుర్రాణ్ణి లిఫ్ట్ ఎక్కనివ్వని అపార్ట్‌మెంట్లకీ ఇదే వర్తిస్తుంది.

మన మీద మనం

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో తెలుగు ఇళ్లల్లో వినిపించే మాటలు అందరికీ తెలుసు. ఆ మాటలు పిల్లల చెవుల్లో ఆగిపోవు, పెద్దయ్యాక వాళ్ల సొంత గొంతుగా మారతాయి. నలభై ఏళ్ల ఉద్యోగి ఒక మెయిల్లో తప్పు చేసి ‘బుద్ధిలేని వెధవని’ అని తనను తాను తిట్టుకునేటప్పుడు వాడుతున్నది ఎప్పటి గొంతో ఒకసారి గుర్తుచేసుకోమనండి.

టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ నెఫ్ 2003లో ఈ విషయం మీద ఒక కొలమానం ప్రచురించింది. తన మీద తాను దయగా ఉండటంలో ఆమె చెప్పేవి మూడు. తిట్టుకోకుండా మెల్లగా మాట్లాడుకోవడం, ఇలాంటి పొరపాటు మనుషులందరూ చేసేదేనని గుర్తు తెచ్చుకోవడం, బాధను దాచకుండా అలాగని గోరంతను కొండంత చెయ్యకుండా ఉన్నదున్నట్టు చూడటం. ఇలా చేస్తే సోమరులవుతారని మన పెద్దవాళ్లకి అనుమానం. జూలియానా బ్రైనెస్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో దీనికి జవాబుంది. కష్టమైన పదజాలం పరీక్షలో విద్యార్థుల చేత తక్కువ మార్కులు తెప్పించి, కొందరికి మాత్రం ఈ పరీక్ష చాలామందికి కష్టమేనని, తమను తాము మరీ నిందించుకోవద్దని చెప్పారు. రెండో పరీక్షకు ఎక్కువసేపు చదివింది వాళ్లే.

చెయ్యడం తేలిక. అదే తప్పు మీ అక్క కూతురు చేసి మీ దగ్గరికొచ్చి ఏడిస్తే ఏమంటారో ఒక కాగితం మీద రాయండి. తర్వాత దాన్ని మీ పేరుతో పైకి చదువుకోండి. మొదటిసారి నవ్వొస్తుంది. నవ్వండి.

చేసి చేసి అలిసిపోయినవాళ్లకు

మంచాన పడ్డ అత్తగారికి ఏళ్ల తరబడి చేసే కోడళ్లు, బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డను కనిపెట్టుకుని ఉండే తల్లులు, వార్డుల్లో నర్సులు ఈ అధ్యాయం ఇంతవరకు చదివి ‘ఇంకా ఎంత దయ’ అనుకుంటే న్యాయమే. జర్మనీలో టానియా సింగర్, ఓల్గా క్లిమెకి చేసిన పరిశోధనల్లో వీళ్లకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఎదుటివాళ్ల బాధను తమ బాధగా అనుభవించడంలో శిక్షణ ఇచ్చినప్పుడు మనుషులు కుంగిపోయారు. తర్వాత వాళ్లకే, ఆ బాధలో మునగకుండా ఎదుటివాళ్ల మేలు కోరుకోవడంలో శిక్షణ ఇస్తే మనసు తేలికపడింది. మెదడులో ఈ రెండింటికీ కదిలే భాగాలు కూడా వేరు. రోగి మూలిగిన ప్రతిసారీ మీరూ లోపల మూలగక్కర్లేదు. ‘ఈమెకి ఈ పూట నొప్పి తగ్గితే బాగుండు’ అనుకుంటూ పక్క సర్దితే సరిపోతుంది. చేతులు చేసే పనిలో తేడా ఉండదు, గుండె మీద పడే బరువులో ఉంటుంది.

దాంతోపాటు వంతులు వేసుకోండి. ఆడపడుచుకి ఫోన్ చేసి ‘నెలకి ఒక ఆదివారం మీరు చూసుకోవాలి’ అని చెప్పండి. అడగడం గురించి పైన చెప్పిందంతా నిజానికి మీకోసమే.

మాట్లాడటానికి ఇంట్లో మనిషి లేని రాత్రుల కోసం, మనసు మరీ కుంగినప్పటి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న టెలి మానస్ సేవను మొదలుపెట్టింది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి. ఇంట్లో ‘పర్లేదు’ అని ఎక్కువగా అనేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల ఫోన్‌లోనూ వెయ్యండి.